సగం అన్నారు

12 ఆగస్టు 1954, గురువారం

సగం అన్నారు.

కాలేజీ నుంచి వస్తూ మా అమ్మాయి నళినిని వెంట తీసుకుపోదామని బడికి వెళితే హెడ్‌మిస్ట్రెస్ విద్యావతమ్మగారు తన గదిలోకి పిలిచారు. నేను ఆమె బడిలోనే పంతులమ్మను. ఈ ఏడాది జీతంతో సెలవు ఇప్పించి బషీర్‌బాగ్ ట్రైనింగ్ కాలేజీకి పంపించింది కూడా ఆమే. కాబట్టి నా చదువు గురించే అడుగుతారనుకున్నాను. కూర్చోమన్నారు. మంచినీళ్లు తెప్పించారు. అప్పుడే అనుమానం రావలసింది.

పోయిన వారం రెండో తరగతి పిల్లలకు తెలివి పరీక్ష పెట్టారట. వంద ప్రశ్నలు, ప్రశ్నకు ఒక మార్కు. అందరికంటే ఎక్కువ చంద్రకళకు, ఎనభై. మా నళినికి నలభై.

"నీకు ఈ మాట చెప్పుడు నాకు కష్టంగనే ఉంది నర్మదా. కానీ అంకె అబద్ధం చెప్పదు గద. ఆ పిల్ల తెలివిల మన నళినిది సగం."

నలభై ఐదు కంటే తక్కువ వచ్చినవాళ్లు ఆరుగురు. గదులు చాలడం లేదు. చేరడానికి కొత్త పిల్లలు ఎదురుచూస్తున్నారు. దసరా సెలవుల తర్వాత ఆ ఆరుగురినీ ఇళ్లకు పంపించేద్దామని బడి కమిటీ అనుకుంటోంది. వచ్చే నెలలో సమావేశం.

"సరేనండీ" అన్నాను.

సరేనండీ అన్నానా? అన్నాను. మంచినీళ్లు కూడా తాగాను.

13, శుక్రవారం

ఆయనకు చెప్పలేదు. తలనొప్పి అన్నాను.

14, శనివారం

చెప్పాను. ఆయన గన్‌ఫౌండ్రీ బ్యాంకు నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటున్నారు. చెంబు చేతిలో అలాగే పట్టుకుని విన్నారు.

"మాటలు గూడ ఆలస్యంగనే వచ్చినయ్ కద దానికి" అన్నారు చివరికి.

"ఆలస్యంగా వస్తే సగమా?"

"నేను అన్లే. వాళ్లన్నరు. నలుగురి నడుమ కూసోబెట్టి నవ్వులపాలు చేసుడెందుకు నర్మదా? ఇంట్ల ఉంటది. నాన్నకు తోడుంటది. నువ్వే తీరినప్పుడు ఇంత చెప్పు. గింత ఫికర్ చేస్తే ఎట్ల?"

కోపంగా అని ఉంటే పోట్లాడేదాన్ని. ప్రేమగానే అన్నారు. ఆ మాటలు అంటున్నంతసేపూ నళిని వైపు చూడలేదు.

మామయ్య వరండాలో కూర్చుని అన్నీ విన్నారు. నళినిని పిలిచి జామపండు ముక్కలు కోసి పెట్టారు. అది ఒక్కొక్క ముక్కను తిప్పి తిప్పి చూసి, గింజలు వేలితో తీసి, అప్పుడు తింటుంది. ఒక్క పండుకు అరగంట.

నేను ఆ అంకెను నమ్మను. రాసి పెట్టుకుంటున్నాను. నమ్మను.

17, మంగళవారం

కాలేజీలో వామన్‌రావు సారు స్టాటిస్టిక్స్ పరీక్ష కాగితాలు తిరిగి ఇచ్చారు. నేను తప్పాను. తరగతి మొత్తంలో తప్పింది నేనొక్కదాన్నే.

నేను చదివిందంతా ఉర్దూలో. ఇప్పుడు కాలేజీలో అంతా ఇంగ్లీషు. అంకెలన్నీ ఒక్క జాతి కావట, కొలతలు నాలుగు రకాలట. నామినల్, ఆర్డినల్, ఇంటర్వల్, రేషియో అని సారు బోర్డు మీద రాస్తే బట్టీ పట్టాను. బట్టీ పట్టినవి పరీక్షలో నన్ను చూసి పారిపోయాయి.

ప్రశ్న ఇది: "ఒక ఊళ్లో నిన్న నలభై ఫారన్‌హీట్ డిగ్రీల వేడి. ఇవాళ ఎనభై. ఇవాళ నిన్నటికి రెండింతల వేడి అనవచ్చునా?" అనవచ్చు అని రాశాను. ఎనభైలో నలభై సగం కాదా? ఇందులో తప్పేముంది? సారు ఎర్ర సిరాతో కొట్టేసి పక్కన ఒక్క ముక్క రాశారు: "ఎవరు పెట్టిన సున్నా?"

నాకేం తెలుసు ఎవరు పెట్టారో!

దసరాలోపు ఇంకోసారి పరీక్ష పెడతారు. అందులోనూ తప్పితే శిక్షణ నుంచి పేరు తీసేస్తారు. అప్పుడు తల్లీ కూతుళ్లం ఇద్దరమూ బడికి పనికిరానివాళ్లమే.

20, శుక్రవారం

బడిలో నా తోటి పంతులమ్మ జయమ్మను అడిగి ఆ వంద ప్రశ్నల కాగితం తెచ్చాను. సాయంత్రం నళినిని కూర్చోబెట్టి ఊరికే అడిగి చూశాను. నమ్మి కాదు. ఊరికే.

నలభై మూడు.

22

నలభై ఆరు. పెరుగుతోంది.

23

నలభై ఒకటి. సరిగ్గా వినలేదు. గట్టిగా అరిచాను కూడా.

26, గురువారం

అన్నం తింటుంటే, "ఇంకొంచెం పెరుగు వేయనా?" అని అడిగాను.

నళిని చేయి ఆపి నా ముఖంలోకి చూసింది. "అమ్మా, ఇది గూడ పరీక్షేనా?"

29, ఆదివారం

నాంపల్లి స్టేషన్ దగ్గర వీరమ్మ ఆపింది. స్టేషన్ ముందు కుంపటి పెట్టుకుని మక్క కంకులు కాల్చి అమ్ముతుంది. పాలమూరు వైపు నుంచి కూలికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. ఆమె కూతురు పూలమ్మ నళిని తరగతే. ఆ ఆరుగురిలో ఒకతె. ముప్పై ఎనిమిది.

"పంతులమ్మా, జర ఆగు. మా పిల్లకు సగం తెలివే అంటున్రు. ఔనా?"

"అలా అన్నారు" అన్నాను.

"మరి మిగిలిన సగం ఏడ వోయింది? నేను కన్నప్పుడైతే మొత్తం పిల్లనే కన్న." విసనకర్రతో కుంపటి విసురుతూనే ఉంది. నవ్వించడానికి అందేమో అనుకున్నాను. ముఖం చూస్తే కాదు. "మా ఇంట్ల బడి గడప తొక్కింది అదొక్కతే. మీ బిడ్డ గూడ ఉన్నదట కదా గా ఆరుగురిల. నువ్వేం జేస్తున్నవ్?"

 ఇంట్లో కూర్చోబెట్టి అదే పరీక్ష మళ్లీ మళ్లీ పెడుతున్నానని చెప్పనా?

"నువ్వు పెద్ద కాలేజీల చదువుతున్నవ్ గద. గా సగం ఎట్ల కొలిచిన్రో జర అడిగి చెప్పు తల్లీ. సేరుతోని కొలిచిన్రా, గజంతోని కొలిచిన్రా?"

చెప్తానన్నాను. కంకి చేతిలో పెట్టింది. తినబుద్ధి కాలేదు.

31

మళ్లీ చదివాను. నామినల్, ఆర్డినల్. అర్థం కాలేదు.

5 సెప్టెంబరు, ఆదివారం

చెయ్యి ఆగడం లేదు. వరుసగా రాయాలి, లేకపోతే రేపటికి నేనే నమ్మను.

మామయ్య మాల్ శాఖలో, అంటే రెవెన్యూలో, గుమాస్తాగా పనిచేసి రిటైరయ్యారు. ఆయనకు ఇప్పటికీ నిజాం కాలపు ఫసలీ సాలే, అంటే ఫసలీ సంవత్సరమే లెక్క. దఫ్తరుల్లో ఇంగ్లీషు సంవత్సరాలు వచ్చి ఇన్నేళ్లయినా ఆయన నోట అది రాదు. పొద్దున నళిని ఆయన పక్కన చేరి, "తాతా, నేనెప్పుడు పుట్టిన?" అని అడిగింది.

"పదమూడు వందల యాభై ఆరుల బిడ్డా."

నేను బియ్యం ఏరుతూ, "పందొమ్మిది వందల నలభై ఏడు అనాలి, రేపు బడిలో అదే అడుగుతారు" అన్నాను.

నళిని ఆయన్ని చూసింది, నన్ను చూసింది. చాలాసేపు ఆలోచించింది. "మరి నేను రెండుసార్లు పుట్టిన్నా?"

మామయ్య పడీ పడీ నవ్వారు. "లేదు తల్లీ. పుట్టింది ఒక్కసారే. సాలు గూడ ఒక్కటే. వాళ్లు లెక్క మొదలువెట్టిన జాగ వేరే, మనం మొదలువెట్టిన జాగ వేరే. అంతే."

బియ్యం చేతిలోనే ఉండిపోయాయి.

మొదలుపెట్టిన జాగా. ఎవరు పెట్టిన సున్నా!

చేట పక్కన పెట్టి నేల మీద సుద్దతో రాయడం మొదలుపెట్టాను. నళిని పుట్టింది ఫసలీలో 1356. ఇప్పుడు 1363. తేడా ఏడు. ఇంగ్లీషులో 1947, 1954. తేడా ఏడు. సున్నా ఎక్కడ పెట్టినా తేడా కదలలేదు.

"మీరెప్పుడు పుట్టారు మామయ్యా?"

"తేరా సౌ. సరిగ్గ పదమూడు వందలల."

అంటే ఇంగ్లీషులో 1891. ఎటు తీసివేసినా అరవై మూడు. అరవై మూడు ఏళ్లు ఏడేళ్లకు తొమ్మిదింతలు. తాత వయస్సు మనవరాలి వయస్సుకు తొమ్మిది రెట్లు అంటే ఎవరైనా ఒప్పుకుంటారు, ఫసలీ వాడైనా ఇంగ్లీషు వాడైనా. కానీ ఫలానా సంవత్సరం ఇంకో సంవత్సరానికి ఇన్ని రెట్లు అంటే? అలా అనేవాడికి పిచ్చి అంటారు. ఎందుకంటే వయస్సుకు అసలైన సున్నా ఉంది. పుట్టుక. సంవత్సరానికి లేదు. మనిషి ఎక్కడో ఒకచోట గుంజ పాతి ఇదిగో ఇక్కడ మొదలు అన్నాడు. థర్మామీటరు కూడా అంతే. సున్నా డిగ్రీలంటే వేడి బొత్తిగా లేదని కాదు. ఎవరో అక్కడ గీత గీశారు.

అయితే తెలివి పరీక్షకు సున్నా ఎక్కడ?

వందలో ఒక్క ప్రశ్నకూ జవాబు చెప్పని పిల్ల ఉందనుకుందాం. దానికి తెలివే లేనట్టా? అది తల్లిని గుర్తుపట్టదా, ఆకలైతే అడగదా, నిప్పు చూస్తే చెయ్యి తీసుకోదా? ఆ సున్నా తెలివి సున్నా కాదు. ఆ వంద ప్రశ్నలు రాసినవాళ్లు గీసిన గీత.

నలభైలో తప్పు లేదు. సగం అన్న మాటలో ఉంది. సగం అనడానికి వీల్లేదు! ఎవ్వరికీ వీల్లేదు!

నేను పెద్దగా ఏదో అరిచినట్టున్నాను. ఆయన స్నానాల గది నుంచి సబ్బు ముఖంతో వచ్చి ఏమైందన్నారు. చెప్పాను. సగం అర్థమైంది అన్నారు. మళ్లీ ఆ మాటే! ఇద్దరమూ నవ్వాం. ఈ ఇంట్లో నవ్వి చాలా రోజులైంది.

బియ్యంలో రాళ్లు మిగిలిపోయాయి. మధ్యాహ్నం అందరి పళ్ల కిందా పడ్డాయి. నవ్వుతూనే ఏరుకుని తిన్నాం.

6, సోమవారం

తరగతి కాగానే వామన్‌రావు సారు గదికి వెళ్లాను.

"పేరు, వరుస, తేడా, రెట్టు" అన్నాను.

"ఏందమ్మా అవి?"

"మీ నాలుగు కొలతలు సార్. నాకు ఇంగ్లీషులో నిలవడం లేదు, తెలుగులో పెట్టుకున్నాను."

కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. చెప్పమన్నారు. ఏడో నంబరు బస్సు రెండో నంబరు బస్సు కంటే ఎక్కువ కాదు, ఆ అంకె వట్టి పేరు అన్నాను. పరుగు పందెంలో మొదటివాడు, రెండోవాడు అంటే వరుస తెలుస్తుంది, మధ్య దూరం తెలియదు అన్నాను. సంవత్సరాలకూ డిగ్రీలకూ తేడా చెప్పవచ్చు, రెట్లు చెప్పకూడదు. వయస్సు, బరువు, పొడవు, వీటికి అసలైన సున్నా ఉంది కాబట్టి రెట్లు కూడా చెప్పవచ్చు. మామయ్య ఫసలీ లెక్క చెబితే సారు బల్ల మీద చరిచారు.

"ఇన్నేండ్లు పాఠం చెప్పిన. ఫసలీ నాకెందుకు తట్టలే!"

అప్పుడు నళిని సంగతి చెప్పాను. ఆయన కళ్లజోడు తిరిగి పెట్టుకున్నారు.

"సగం కాదు, అది నిజం" అన్నారు. "కానీ అమ్మా, ఆ నలభైని మాత్రం కాదనకు. ఆ దినం ఆ గదిల నీ బిడ్డ చానా ప్రశ్నలకు జవాబియ్యలే. అది గూడ నిజమే. ఒక అబద్ధం కొట్టేయాలని ఇంకో అబద్ధం ఆడకు. సున్నా జరిగితే ఏది మారుతది, ఏది మారదు, అది చూపియ్యి. చాలు."

తిరిగి వస్తుంటే సారు మీద కోపం వచ్చింది. అబిడ్స్ దాటేసరికి పోయింది. ఆయన చెప్పింది సరైనదే. అందుకే కోపం వచ్చింది.

8

వంద ప్రశ్నల కాగితం పొయ్యిలో వేశాను. నళిని స్నానానికి నీళ్లు కాగాయి.

ఇవాళ నేనేమీ అడగలేదు. అదే అడిగింది: చీమలు వరుసలో ఎందుకు పోతాయి, ముందున్న చీమకు దారి ఎవరు చెప్పారు, వెనకున్న చీమ అలిగి వేరే దారిన పోతే ఏమవుతుంది. మొదటిదానికి ఏదో చెప్పాను. మిగిలిన రెండూ నాకు తెలియవు. ఇద్దరమూ వెళ్లి గోడ పక్కన కూర్చుని చూశాం.

14, మంగళవారం

రెండో పరీక్ష కాగితం మీద కాదు. సారు సుద్దముక్క నా చేతికిచ్చి, తాను వెళ్లి వెనక బెంచీలో కూర్చున్నారు.

"నాలుగు కొలతలు చెప్పమ్మా. తెలుగుల చెప్పు."

ముప్పై మంది. అందులో నా ఇంగ్లీషుకు నవ్వినవాళ్లు ఉన్నారు. మొదట తడబడ్డాను. తర్వాత ఫసలీ సాలు బోర్డు మీద రాసేసరికి అందరూ తమ తమ పుట్టిన సాలు చెప్పడం మొదలుపెట్టారు. చాదర్‌ఘాట్ నుంచి వచ్చే ఒకామె, "మరి మన పరీక్ష మార్కులో? అవి తేడానా, రెట్టా?" అని అడిగింది. ఆ ప్రశ్న కోసమే ఎదురు చూస్తున్నాను. గంట కొట్టినా ఎవరూ లేవలేదు.

సారు వెనక నుంచి, "పాసైనవ్, కూసో" అన్నారు.

కూర్చోలేదు. ఇంకో పావుగంట చెప్పాను!

16, గురువారం

విద్యావతమ్మగారిని అడిగాను, శనివారం కమిటీలో నాకు మాట్లాడే అవకాశం ఇవ్వమని. ఆమె కిటికీ రెక్క మూసి నా వైపు తిరిగారు.

"తల్లిగ మాట్లాడతవా, పంతులమ్మగనా?"

"పంతులమ్మగా."

"అయితే రా. ఏడ్వకు. ఏడిస్తే వాళ్లు జాలిపడి నీకొక్కదానికి మాఫీ ఇస్తరు. మిగిలిన ఐదుగురు పోతరు."

ఆమె నా మీద కోపంగా ఉందనుకున్నాను ఇన్నాళ్లూ.

18, శనివారం

బడి హాల్లో బెంచీలు గోడలకు జరిపారు. ఆ ఆరుగురు పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు, ముందు కుర్చీల్లో కమిటీవాళ్లు. వీరమ్మ కుంపటి ఎవరికో అప్పజెప్పి ఉతికిన చీర కట్టుకొచ్చింది. ఆయన బ్యాంకులో ఒక పూట సెలవు పెట్టి వచ్చారు. వస్తానని నాకు చెప్పలేదు. తలుపు పక్కన నిలబడ్డారు.

కమిటీ సెక్రటరీ బాలకిషన్‌గారు. అబిడ్స్‌లో పెద్ద బట్టల దుకాణం. చంద్రకళ ఆయన మనవరాలే. పక్కనే కూర్చోబెట్టుకున్నారు.

"దేఖో అమ్మా," అన్నారు నన్ను చూసి, "ఈ పిల్లల మీద మాకేం పగ లేదు. జాగా లేదు. ఎవరినో ఒకరిని తీసెయ్యాలె. ఎనభైల నలభై సగమా కాదా? చిన్న పిల్లనడిగినా చెప్తది. నా దుకాణంల అరగజం అరగజమే. బిల్కుల్ సాఫ్ లెక్క."

"ఎనభైలో నలభై సగమేనండీ. అది నేను కాదనను. కానీ చంద్రకళలో నళిని సగం కాదు. మీ దుకాణంలో గజంబద్ద ఎక్కడ పెట్టి కొలుస్తారు?"

"ఎక్కడేంది? బట్ట కొస మీద."

"ఎందుకు కొసనే పెట్టాలి?"

"అక్కడ్నించే గద బట్ట మొదలయ్యేది!"

"అవునండీ. బట్టకు కొస ఉంది కాబట్టి అరగజం అనవచ్చు. తెలివికి కొస ఎక్కడుందో ఈ పరీక్ష రాసినవాళ్లకు తెలుసా?"

ఆయన నుదురు చిట్లించారు. మాటలతో పని కాదని నాకు ముందే తెలుసు. విద్యావతమ్మగారిని అడిగి నళినిని, పూలమ్మను, చంద్రకళను ముందుకు పిలిచాను. ఇరవై ప్రశ్నలు అడుగుతానన్నాను. నీ పేరేమిటి, ఉప్పు తియ్యగా ఉంటుందా, నీకు చేతులెన్ని, పిల్లి ఎలా అరుస్తుంది, ఇలాంటివే. వంతుల వారీగా అడిగాను. ముగ్గురూ ఇరవైకి ఇరవై చెప్పారు. పిల్లి దగ్గర ముగ్గురూ కలిసి అరిచారు. హాలంతా నవ్వింది. నళిని జవాబులు మెల్లగా చెప్పింది. అయినా చెప్పింది. నేను తొందరపెట్టలేదు.

అప్పుడు బోర్డు మీద రాశాను. పాత వంద ప్రశ్నల్లో చంద్రకళకు ఎనభై, నళినికి నలభై. ఈ ఇరవై కూడా ఆ పరీక్షలో ముందే ఉండి ఉంటే చంద్రకళకు వంద, నళినికి అరవై.

"అరవై వందలో సగమా అండీ?"

సుద్దముక్క కింద పెట్టాను.

"ఈ పది నిమిషాల్లో నా కూతురికి తెలివి పెరగలేదు. చంద్రకళకు తగ్గలేదు. నేను సున్నాను కొంచెం కిందికి జరిపాను. సగం అన్న మాట ఊడిపోయింది. ఇంకా వెయ్యి తేలిక ప్రశ్నలు కలిపితే ఇద్దరూ దాదాపు సమానమని కూడా చూపించవచ్చు. అదీ అబద్ధమే అవుతుంది. ఎంత జరిపినా మారనిది ఒకటే. ఇద్దరి మధ్యా నలభై ప్రశ్నలు. ఆ నలభై కూడా ఒకే సైజు మెట్లని నేను ప్రమాణం చేయను. కొన్ని ప్రశ్నలు కష్టం, కొన్ని తేలిక. నమ్మకంగా చెప్పగలిగింది వరుస మాత్రమే. ఆ రోజు ఈ పిల్లలు వరుసలో చివర నిలబడ్డారు."

బాలకిషన్‌గారు బోర్డునే చూస్తున్నారు. వేళ్ల మీద ఏదో లెక్క వేసుకున్నారు. మళ్లీ వేసుకున్నారు.

"అరే," అన్నారు. "కొస లేకుండ కొలిస్తే నా దుకాణం ఎప్పుడో మునుగుతుండె."

విద్యావతమ్మగారు లేచారు.  "మరి ఈ పరీక్ష ఎందుకు పనికొస్తది నర్మదా? వరుసల చివర ఎవరున్నరో తెలిసి ఏం జెయ్యాలె?"

"ముందు ఎవరి దగ్గరికి వెళ్లాలో తెలుస్తుందండీ."

అనుకుని రాలేదు ఆ మాట. నోట్లోంచి వచ్చేసింది. ఏడవకూడదని పిడికిలి బిగించి నిలబడ్డాను.

"జాగా?" అన్నారు బాలకిషన్‌గారు. కానీ ఈసారి అడిగినట్టుగానే అడిగారు.

"బెంచీకి ఒకరు చొప్పున జరిగితే కొత్తవాళ్లకూ చోటు వస్తుందండీ. పొద్దున ఎనిమిది గంటలకు బడి గదులన్నీ ఖాళీయే. కాలేజీకి పోయేముందు ఒక గంట వీళ్లకు నేను చెప్తాను."

"రాసుకోండి," అన్నారు విద్యావతమ్మగారు పక్కనున్న జయమ్మతో. "ఎవరినీ తీసేది లేదు. సగం అన్న మాట నేనే అన్న, నేనే వాపస్ తీసుకుంటున్న. అది గూడ రాయి."

ఆమె అలా అంటారని ఎవరూ అనుకోలేదు. నాకు ఆమె కాళ్లకు దండం పెట్టాలనిపించింది. కమిటీవాళ్లు ఒక్కొక్కరే చేయి ఎత్తారు. బాలకిషన్‌గారు అందరికంటే చివర ఎత్తారు గానీ అందరికంటే పైకి ఎత్తారు.

వీరమ్మ పిల్లను చంకన వేసుకుంది. ఏడేళ్ల పిల్లను! హాలు మధ్యలో నిలబడి, "మొత్తం పిల్లనే! నేను ముందుగాలనే చెప్పిన!" అని అరిచింది. స్టేషన్ దాకా అలా అరుచుకుంటూనే పోయిందట.

ఆయన జనంలోంచి వచ్చి నళినిని ఎత్తుకున్నారు.  

19, ఆదివారం

పొద్దున ఆయనే నళినికి జడలు వేశారు, వంకరగా. ఇద్దరూ అబిడ్స్ పోయొస్తామన్నారు. మధ్యాహ్నం దాటాక వచ్చారు. దారిలో బ్యాంకు మేనేజరు కనబడితే, "మా అమ్మాయి, రెండో తరగతి" అని చెప్పారట. మేనేజరు నీ పేరేమిటని అడిగితే నళిని ఆలోచనలో పడిందట. "జర టైం తీసుకుంటది సార్, చెప్తది" అన్నారట ఈయన. అది చెప్పేదాకా మేనేజరు నిలబడ్డారట.

నాకు ఈ సంగతి నాలుగుసార్లు చెప్పారు. నాలుగోసారి కూడా కొత్తగానే విన్నాను.

18 అక్టోబరు, సోమవారం

సెలవులు అయిపోయాయి. మొదటి రోజు. ఎనిమిది కాకముందే వెళ్లి గది ఊడ్చాను.

ఆరుగురూ వచ్చారు. పూలమ్మ తలంటుకుని వచ్చింది, తడి ఇంకా ఆరలేదు. చింతగింజలు కుప్పలుగా పోసి తీసివేత మొదలుపెట్టాం. ఒక్కొక్కరిదీ ఒక్కో నడక. పూలమ్మ గబగబా చెప్పి తప్పు పోతుంది, మళ్లీ నవ్వుకుంటూ లెక్కపెడుతుంది. నళిని గింజలన్నీ సర్దుకున్నాక గానీ మొదలుపెట్టదు. పెట్టాక తప్పు పోదు.

అరగంట గడిచేసరికి గుమ్మంలో ఎవరో నిలబడ్డారు. చంద్రకళ, సంచీ భుజాన వేసుకుని.

"నువ్వెందుకమ్మా ఇంత పొద్దున్నే?"

తల వంచుకుంది. "టీచర్, నాకు గూడ తీసివేత రాదు. పక్క నుంచి అప్పు తెచ్చుకునుడు ఎందుకో తెల్వదు. జవాబు మటుకు వస్తది. అందుకే ఎవ్వరు చెప్పలే."

తరగతిలో మొదటి పిల్ల. ఎనభై. నాకు నవ్వు వచ్చింది. లోపలికి రమ్మన్నాను. బెంచీ మీద జాగా లేదు. ఏం చేయాలా అని చూస్తుండగానే నళిని గింజలు ఒడిలోకి తీసుకుని పక్కకు జరిగింది. పూలమ్మ జరిగింది. వరుసగా అందరూ జరిగారు. చివరి పిల్ల కింద పడబోయి గోడ పట్టుకుంది. అందరూ గొల్లున నవ్వారు. చంద్రకళ కూర్చుంది.

రేపు ఇంకొకరిద్దరు వస్తారని జయమ్మ అంటోంది. ఇంకో బెంచీ కావాలి. బాలకిషన్‌గారినే అడుగుతాను.